ఆ రెండడుగులు ఎవరివి

వాన మొదలైంది ఒంటిగంటా నలభైకి. ప్రెంటిస్ ఫోను వచ్చింది ఒంటిగంటా నలభై రెండుకి. నడుమ ఉన్న ఆ రెండు నిమిషాలూ నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ రోజు మొత్తం మీద నా పని నాకు తెలుసని అనిపించిన నిమిషాలు అవే. కింద బేస్‌బాల్ మైదానం మీద పన్నెండు మంది టార్పాలిన్ లాక్కుంటూ పరిగెత్తుతున్నారు, గాలికి ఒక మూల లేచి ఇద్దరిని కప్పేసింది, జనం నవ్వారు. నేను పైన విలేకరుల గదిలో కిటికీ పక్కన నా రెండు కంప్యూటరు తెరల ముందు కూర్చుని, చల్లారిన కాఫీ తాగుతూ, వాన ఎంత మంచిది, బంతి లేదు, లెక్క లేదు, అనుకుంటున్నాను. మా ఊరు మస్కటీన్‌లో వాన పడితే నది వాసన రాదు, ఫ్యాక్టరీలో ఉడికే మొక్కజొన్న వాసన నేలకు దిగుతుంది, చిన్నప్పటి నుంచి అదే నాకు వాన వాసన, వేరే ఊళ్లలో వాన పడితే ఏదో తక్కువైనట్టుంటుంది. అప్పుడు ఫోను మోగింది.

"పైజట్టులో ఒకడికి పొద్దున వేలు విరిగింది," అన్నాడు ప్రెంటిస్. ప్రెంటిస్ మా పైవాడు, ఆటగాళ్లలో ఎవరు ఎక్కడికి పోవాలో తేల్చేవాడు, ఐదువందల మైళ్ల అవతల కూర్చుంటాడు. "రేపటికి ఒకణ్ణి పంపాలి. బ్యాటు ఎలా పట్టుకున్నా నాకు అనవసరం. నేలబంతి ఆపేవాడు కావాలి. నీ దగ్గర ఇద్దరున్నారు. ఎలాడియో, డెల్. మూడు వారాల కిందట డెల్‌ని నువ్వే ఆకాశానికెత్తి రాశావు. అదే మాట మీద ఉన్నావా?"

ఉన్నానని చెప్పబోయాను. నోటిదాకా వచ్చింది. "ఒక్క గంట ఇవ్వు," అన్నాను.

"గంట ఇవ్వడానికి నేనెవణ్ణి వెర్నా, మేఘాన్ని అడుగు. ఆట మళ్లీ మొదలయ్యేలోపు పేరు చెప్పు. పేరూ, ఒక అంకే. పేజీలకు పేజీలు వద్దు."

ఎందుకు అడిగాను గంట? పొద్దున ఓట్స్ జావ తింటూ చూసిన ఆ చుక్కల వల్ల. నా పని చెప్పుకుంటే చాలా చిన్నది. బ్యాటుకు తగిలిన ప్రతి బంతీ ఎంత వేగంగా ఏ దిక్కుకు పోయిందో కెమెరాలు చెబుతాయి, అలాంటి బంతిని మామూలు ఆటగాడు పదిసార్లలో ఎన్నిసార్లు ఆపుతాడో నా దగ్గర పట్టీ ఉంది, పదికి మూడుసార్లే ఆగే బంతిని నువ్వు ఆపితే నీ పేరున ఏడు వంతులు కలుస్తాయి, వదిలేస్తే మూడు వంతులు పోతాయి, అన్నీ కూడితే నువ్వు జట్టుకు ఎన్ని పరుగులు కాపాడావో తేలుతుంది. అంతే. పదిహేనేళ్లుగా అదే చేస్తున్నాను. మూడో బేసు దగ్గర నిలబడే డెల్ ఓస్ట్రాండర్‌కి పదకొండు పరుగుల లాభం, ఈ లీగులో అతనంత వాడు లేడు. అతని పక్కన, రెండో బేసుకీ మూడో బేసుకీ నడుమ షార్ట్‌స్టాప్‌గా నిలబడే ఎలాడియో పనియాగువాకి మాత్రం నా దగ్గర రెండు అంకెలున్నాయి. కోచ్ కార్డు మీద ఎక్కడ నిలబడమని ఉందో అక్కడి నుంచి కొలిస్తే ఏడు లాభం. నిజంగా నిలబడిన చోటి నుంచి కొలిస్తే నాలుగు నష్టం. మొదట యంత్రం తప్పనుకున్నాను. తర్వాత, పొద్దున, ప్రతి బంతికీ అతను నిలబడిన చోటును ఒక్కొక్క చుక్కగా పెట్టి చూశాను. చుక్కలన్నీ ఒకే గుంపు. కార్డు చెప్పిన చోటికి రెండడుగులు ఇవతల, మూడో బేసు వైపు. వంద బంతులకు వందసార్లు. డెల్ చుక్కలు చూస్తే అవీ రెండడుగులు ఇవతలే, మైదానం అంచున ఉండే గీత వైపు. ఇద్దరూ కలిసి నడిచినట్టు, ఒకే దుప్పటిని ఇద్దరు లాక్కున్నట్టు.

అప్పుడు డెల్ పదకొండులో ఎన్ని డెల్‌వి? గీత పక్కనే నిలబడేవాడు గీత పక్కన బంతులు ఆపడం ఏం గొప్ప? ఇద్దరి నడుమ అతను వదిలేసిన సందులో ఎలాడియో నిలబడి ఉంటే ఆ సందులో డెల్‌కి పోయేదేమీ లేదు. ఎలాడియోకేమో అవతల, రెండో బేసు వైపు, బంతులన్నీ జారిపోతాయి, అవి అతని మెడకు. అదే నిజమైతే మూడు వారాల కిందట నేను పొగిడింది ఎవరిని? తెలివిగా నిలబడటం కాళ్ల గొప్పా, బుర్ర గొప్పా, పక్కవాడి గొప్పా? దానికి నా పట్టీలో గడి లేదు. గడి లేనిదాన్ని ఎక్కడ రాయాలి?

నాన్న అనేవాడు, వెర్నాకి చేతులున్నాయి అని. జూలై చివర, నది కింది ఇసుక నేలలో, పుచ్చకాయల చేలో, లారీ నింపేటప్పుడు వరుసగా నిలబడి ఒకరి నుంచి ఒకరికి విసురుకునేవాళ్లం. నాన్న నేల మీంచి కాయ ఎత్తి జోలీన్‌కి విసిరేవాడు, జోలీన్ లారీ మీదున్న నాకు. జోలీన్ నా అక్క, అప్పుడు దానికి పదిహేను, నాకు పన్నెండు. రోజుకి ఆరో ఏడో కాయలు దాని చేతుల్లోంచి జారి పగిలేవి, కందిరీగలు మూగేవి, నాన్న తిట్టేవాడు. నేను ఆ మూడు వేసవుల్లో ఒక్క కాయ పడెయ్యలేదు. ఒక్కటి కూడా. ఇంటికొచ్చినవాళ్లందరికీ నాన్న చెప్పేవాడు, పెద్దదానివి వెన్నపూస చేతులు, చిన్నదానివి చేతులంటే చేతులు. నాకు నలభై దాటాక ఒకరోజు కారు నడుపుతూ ఏ కారణమూ లేకుండా గుర్తొచ్చింది, నాన్న విసురు ఎలా ఉండేదో. అడ్డదిడ్డంగా, మోకాళ్లకు, తలపైకి, నడుం ఎత్తకుండానే. జోలీన్ నాకు విసిరిన కాయలు మాత్రం అన్నీ ఒకేలా వచ్చేవి, గుండెల ఎత్తున, మెల్లగా, తిరక్కుండా, పాపాయిని చేతికిచ్చినట్టు. కారు రోడ్డు పక్కన ఆపి దానికి ఫోను చేశాను. "ఏమే, నీకేమైనా పిచ్చా?" అంది. "నాకు చేతకాక పడేశాను. నీకు చేతనై పట్టుకున్నావు. దీనికి కారాపడం దేనికి?" నిజంగానే అనుకుంటోందా, లేక ఇప్పుడు కూడా మెల్లగానే విసురుతోందా అని నాకు అంతుపట్టలేదు.

వాన తగ్గలేదు. లేచి కిందికి దిగాను. మామూలుగా నేను దిగను, ఆటగాళ్ల దగ్గరికి వెళ్తే కళ్లు లెక్కను పాడుచేస్తాయని మా లెక్కలవాళ్లందరి నమ్మకం, నాది కూడా. ఆటగాళ్లు కూర్చునే డగౌట్ వెనక సందులో, తడి కాంక్రీటు మీద బకెట్టు బోర్లించుకుని కూర్చుని ఎలాడియో గ్లవ్ తాళ్లు బిగిస్తున్నాడు. ఇరవయ్యారేళ్లవాడు, బక్కపలచని మనిషి, దక్షిణాన సముద్రం అవతలి సాన్ పేద్రో పక్క ఊరు వాళ్లది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ప్రొఫెసరమ్మా, మీరా! పైన కప్పు కారుతోందా ఏంటి?"

"కూర్చో. ఒక్కటి అడుగుతాను. కార్డులో ఉన్నచోట నువ్వెందుకు నిలబడవు?"

నవ్వాడు. తాడు పళ్లతో లాగి ముడి వేశాడు. "నిలబడుతున్నాను కదా."

"రెండడుగులు ఇటు ఉంటావు. ప్రతిసారీ."

"కాళ్లకు అలవాటైపోయింది."

"ఆ అలవాటు వల్ల నీ పేరున నష్టం కనబడుతోంది, ఎలాడియో. రెండో బేసు వైపు పోయేవన్నీ నీ మీదే పడుతున్నాయి."

గ్లవ్ ఒళ్లో పెట్టుకున్నాడు. పైనుంచి నీళ్లు చూరు వెంట కారుతున్నాయి. "డెల్ మోకాలు మీకు తెలుసనుకున్నాను," అన్నాడు చివరికి. "తెలీదా? అయ్యో, నా నోరు. ఆయన సందులోకి దూకలేడు. ఏప్రిల్లో ఒకరోజు ఆయన గీత పక్కకి జరిగాడు, సందు ఖాళీగా కనబడింది, నేను జరిగాను. అంతే. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. ప్రొఫెసరమ్మా, ఇది రాయకండి. రాస్తే ఆ మనిషి పని అయిపోతుంది. నేను చిన్నవాణ్ణి, నా నష్టం వచ్చే ఏడాది పూడ్చుకుంటాను."

రాయను అన్నాను. ఎందుకన్నానో తెలియదు. రాయడమే నా పని. రాయనని మాటిచ్చి, ఒక అంకె కోసం వెళ్లినదాన్ని, ఒక రహస్యం పట్టుకుని బయటపడ్డాను. అయితే తేలిపోయింది, ఆ రెండడుగులు ఎలాడియోవి, డెల్ పదకొండులో సగానికి పైగా ఎలాడియోవే, అనుకుంటూ పైకి వెళ్లిపోతే సరిపోయేది. మెట్ల దగ్గర కాలు ఆగింది. ఒక్కడి మాట మీద లెక్క కడతామా? రెండోవాణ్ణి అడగొద్దా? అడగకపోతే బాగుండేదని ఇప్పుడూ అనుకుంటాను, అడగకపోతే ఎంత తప్పు చేసేదాన్నని కూడా ఇప్పుడూ అనుకుంటాను, రెండూ ఒకే ఊపిరిలో.

డెల్ వైద్యం గదిలో బల్ల మీద కాళ్లు చాపుకుని ఉన్నాడు. కుడి మోకాలికి ఐసు సంచి. ముప్పైఒక్కేళ్లు, పదకొండేళ్లుగా కింది లీగుల్లోనే, పైజట్టు మైదానంలో ఒక్కరోజు నిలబడలేదు. గడ్డంలో అప్పుడే తెల్లవెంట్రుకలు. "లెక్కల మేడమ్ కిందికి దిగిందంటే వరదొచ్చినట్టే," అన్నాడు. "పడవలు కట్టుకోమంటారా?"

మోకాలి వైపు చూడకుండా ఉండాలని ప్రయత్నించాను, అందుకే మోకాలివైపే చూశాను. "నువ్వు గీతకు అంత దగ్గరగా ఎందుకు నిలబడతావు, డెల్?"

"ఓహో, పట్టుకున్నారా." తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "వాడి కోసమండీ. మనవాడికి అటుపక్కకి, రెండో బేసు వెనక్కి పరిగెత్తి ఒంటికాలి మీద తిరిగి విసరడం రాదు. విసిరాడంటే ఒకటో బేసు వెనక స్వెటర్ అల్లుకునే ముసలమ్మ ఒళ్లో పడాలి. ఏప్రిల్లో మూడుసార్లు పడింది. తలకాయ వేలాడేసుకుని తిరిగాడు. ఒకరోజు చూస్తే తనంతట తనే ఇటు జరిగి నిలబడ్డాడు, భయపడి. సరే, ఇద్దరం ఒకేచోట ఎందుకని నేను గీత పక్కకి పోయాను. ఈ సందు నాదండీ అసలు. ఇచ్చేశాను. వాడు అందులో దూకి దూకి మొనగాడయ్యాడు."

"మొదట జరిగింది అతనా?"

"వాడే. రాయకండి మేడమ్. విసరలేడని ఒక్కసారి కాగితం మీద పడిందంటే వాణ్ణి జన్మలో షార్ట్‌స్టాప్‌గా నిలబడనివ్వరు."

"మరి నీ మోకాలు?"

"మోకాలికేమైంది? ముప్పై దాటిన ఎవణ్ణైనా అడగండి, ఐసు పెట్టుకోనివాడు ఉంటే చూపించండి." సంచి సర్దుకున్నాడు. "అయినా ఈ ఏడాదితో సరి. నెబ్రాస్కాలో మా బావ విత్తనాల కొట్టు పెట్టాడు, రమ్మంటున్నాడు. మొక్కజొన్న విత్తనాలు ఎటుపక్కకీ పరిగెత్తవు."

నవ్వాను. రాయనని ఇతనికీ మాటిచ్చాను. కానీ ఇతనికి చెప్పకూడదు, ఫోనులో ఎవరో అతని పేరు పలికారని, ఈ వాన వెలిసేలోపు అతని పదకొండేళ్లు ఒకవైపుకి ఒరుగుతాయని. అబద్ధం ఎవరిది? ఇద్దరిలో ఒకడు అబద్ధమాడితే నాకు తేలికయ్యేది. ఇద్దరి కళ్లలోనూ ఒకటే ఉంది, పక్కవాడి కుంటితనాన్ని కడుపులో పెట్టుకున్నవాళ్ల బెదురు. అతను జరిగాడు కనుక నేను జరిగాను అని ఇద్దరూ అంటే మొదట జరిగిందెవరు? పైకి పరిగెత్తినంత పని చేసి ఏప్రిల్ లెక్కలు తెరిచాను. ఏప్రిల్లో ఈ మైదానంలో కెమెరాలు లేవు. బిగించింది మే మొదటి వారంలో. మే మొదటి బంతికే ఇద్దరూ రెండడుగులు ఇవతల ఉన్నారు.

కిటికీ అద్దం మీద వాన చారలు సన్నబడ్డాయి. వాళ్లు చెప్పింది నిజమే అయితే, మోకాలూ నిజం, విసరలేకపోవడమూ నిజమే అయితే, అప్పుడు ఎవరిది ఎవరికి కలపాలి? ఎలాడియో డెల్‌ని మోస్తున్నాడు, డెల్ ఎలాడియోని మోస్తున్నాడు, ఇద్దరూ కలిసి జట్టుకు మేలే చేస్తున్నారు, కలిపి చూస్తే లాభమే, విడదీసి చూస్తేనే ఒకడు గొప్పవాడు, ఒకడు పనికిరానివాడు. మరి విడదీయమనే కదా నాకు జీతం? పైజట్టుకు జంటగా పంపరు కదా, అక్కడ ఒకటే మంచం ఖాళీ. నేను మాటిచ్చాను, ఇద్దరికీ, రాయనని. రాయకుండా చెప్పాలి. చెప్పకుండా చెప్పాలి. జోలీన్ కాయలు విసిరిన తీరుకి ఒక గడి కట్టమంటే ఎలా కడతాను? దానికి చేతకాలేదని అదే చెబుతోంటే?

కింద టార్పాలిన్ చుడుతున్నారు. ఫోను మోగింది.

"మేఘం వెళ్లిపోయిందటగా," అన్నాడు ప్రెంటిస్. "పేరు."

"ముందు ఒక మాట. డెల్ మీద నేను రాసిన పదకొండు వెనక్కి తీసుకుంటున్నాను. అందులో కొంత ఎలాడియోది."

"కొంతంటే ఎంత?"

"తెలీదు."

"తెలీదా? సగం అనుకోనా?"

"సగం అనడానికి కూడా ఆధారం ఉండాలి. ఎలాడియోది నాలుగు నష్టం నుంచి ఏడు లాభం దాకా ఏదైనా కావచ్చు."

"వెర్నా, ఇది లెక్కా, వాతావరణ సూచనా? నీ మాట మీద ఒకణ్ణి విమానం ఎక్కించాలి నేను. నీకు తెలీదనే మాట చెప్పడానికి పదిహేనేళ్లు పట్టిందా?"

పట్టింది, అనుకున్నాను, పట్టిందేమో. బయట ఎండ ఒక్కసారిగా వచ్చి తడి గడ్డి మీద పడింది, కళ్లు మూసుకున్నాను. "ఎలాడియో," అంది నా నోరు. నా నోరే అంది, నేను అనుకోకముందే. వయసు చిన్నదనా? తన నష్టం పూడ్చుకుంటానన్నాడనా? డెల్‌కి విత్తనాల కొట్టు ఉందనా? లేక కేవలం మొదట మాట్లాడింది అతనితో గనకనా? ఇంకొక నిమిషం ప్రెంటిస్ మాట్లాడి ఉంటే ఇంకో పేరు వచ్చేదా? "సరే," అన్నాడు ప్రెంటిస్, పెట్టేశాడు. అంత తేలిగ్గా.

రెండూ యాభైకి ఆట మళ్లీ మొదలైంది. మా జట్టు బ్యాటింగు ఐపోయి, మళ్లీ మైదానంలోకి దిగబోతుండగా మేనేజరు ఎలాడియోని భుజం పట్టి ఆపాడు. ఆటగాణ్ణి మధ్యలో అలా ఆపి కావలించుకున్నాడంటే అందరికీ అర్థమవుతుంది. డగౌట్ అంతా మీదపడ్డారు, టోపీ ఊడిపోయింది, ఎవరో నీళ్ల బకెట్టు కుమ్మరించారు. డెల్ చివర వచ్చాడు. ఇక్కణ్ణుంచి మాటలు వినబడవు. ఎలాడియో తల అడ్డంగా ఊపుతున్నాడు, ఏదో గట్టిగా చెబుతున్నాడు, వేలితో డెల్ ఛాతీ మీద పొడుస్తున్నాడు, డెల్ అతని మెడ పట్టుకుని నుదుటికి నుదురు ఆనించి ఒక్క మాటన్నాడు. ఏం మాట? ఎలాడియో మొహం చేతుల్లో దాచుకున్నాడు. డెల్ తన చోటికి నడిచి వెళ్లాడు, మామూలుగా, కొంచెం ఒక పక్కకి ఒరిగి.

షార్ట్‌స్టాప్ చోటికి కొత్తవాణ్ణి పంపారు. కార్డు జేబులోంచి తీసి చూసుకుని, సరిగ్గా రాసి ఉన్నచోట నిలబడ్డాడు. ఇంచు తేడా లేదు. నేను అతన్నే చూస్తున్నాను, ఇప్పుడా సందు ఎంత పెద్దదో చూస్తున్నాను, ఒక బస్సు తిప్పొచ్చు అందులో, ఈ సందు నేనే తెరిచాను అనుకుంటున్నాను, అప్పుడే బ్యాటు శబ్దం వచ్చింది. బంతి నేలకు తగిలి, తడి మట్టి మీద జారి, సందులోకే పోయింది. పదిసార్లలో ఒక్కసారి మాత్రమే ఆగే బంతి. డెల్ దూకాడు. మనిషి మొత్తం నేలకు సమాంతరంగా గాల్లో కనబడ్డాడు, గ్లవ్ చివరన బంతి తెల్లగా, మళ్లీ పైకి లేచింది మోకాళ్ల మీదే, మోకాళ్ల మీద నుంచే విసిరాడు, ఒకటో బేసు దగ్గర పరుగెత్తేవాడు అరడుగు వెనకబడ్డాడు. అవుట్. నాలుగువేల మంది లేచారు. డగౌట్ కడ్డీల మీదికి ఎక్కి తడి బట్టలతో ఎలాడియో తన భాషలో ఏదో అరుస్తున్నాడు.

అందుకోగలడా? ఇన్నాళ్లూ అందుకోగలిగేవాడేనా? అయితే మోకాలి మాట? అయితే ఆ పదకొండు అతనివేనా, అయితే నేను ఏం చేశాను? ఒక్క బంతి, ఒక్క బంతితో ఏమీ తేలదు, ఈ మాట నేనే వందమందికి చెప్పాను. పోనీ అతను ముందే రెండడుగులు సందు వైపు జరిగి నిలబడ్డాడేమో, ఎలాడియో లేడు గనక, అప్పుడిది పదికి ఒకటి కాదు, నాలుగు. ఎక్కడ నిలబడ్డాడు? కెమెరాల చుక్కలు రాత్రికి గానీ రావు. చూడలేదు. పదిహేనేళ్లలో మొదటిసారి, బంతి వేసే క్షణాన మూడో బేసువాడు ఎక్కడ ఉన్నాడో నేను చూడలేదు, కొత్తవాణ్ణి చూస్తూ కూర్చున్నాను.

కింద డెల్ లేవడానికి ఒక చెయ్యి నేలమీద ఆనించాడు, లేచాడు, కుడికాలు మీద బరువు పెట్టి చూసుకున్నాడు, మళ్లీ పెట్టి చూసుకున్నాడు. తల ఎత్తి మా కిటికీ వైపు చూశాడు. ఈ అద్దం వెనక నేను కనబడనని నాకు తెలుసు. మట్టి కారుతున్న రెండు చేతులూ చాపి భుజాలు ఎగరేశాడు, నాకూ తెలీదు మేడమ్ అన్నట్టు.

తెర మీద గడి వచ్చి నిలబడింది, ఎవరు ఆపారు అని అడుగుతూ. ఓస్ట్రాండర్ అని కొట్టాను. తొమ్మిది వంతులు. నమోదు చేయమంటావా అని మళ్లీ అడిగింది. పేరు ఇంకొకసారి చదువుకుని, అవునని నొక్కాను.